వేళ తప్పని ప్రార్థన

చదువవలసిన భాగములు: 88వ కీర్తన, దానియేలు 6:10, మార్కు 15:33-34, అపొస్తలుల కార్యములు 3:1, రోమీయులకు 12:15



కొన్ని సంవత్సరముల క్రిందట మా గ్రామ సంఘములోని ఒక సహోదరి నాట్లు ముగించుకొని వచ్చుచు, దారిలో నన్ను నిలిపి ఒక ప్రశ్న అడిగెను. "పంతులుగారూ, నాకు ప్రార్థన చేయ బుద్ధి పుట్టుట లేదు. మోకాళ్లూని కూర్చుందును గాని నోట మాట రాదు. మనసు లేకుండ ప్రార్థన చేసిన యెడల దేవునికి కోపము వచ్చునా?" అనెను. ఆ యేటనే ఆమెకు చేతికి అందివచ్చిన కుమారుడు చనిపోయి యుండెను.

నేను ఎక్కువగా ఆలోచింపలేదు. "అమ్మా, దేవుడు హృదయమును చూచువాడు. హృదయము లేని ప్రార్థన పెదవుల ప్రార్థనయే గదా! నీ మనస్సు కుదుటపడు వరకు ఆగుము, తరువాత ప్రార్థన చేయవచ్చును" అని చెప్పితిని. ఆమె "సరే పంతులుగారూ" అని తల వంచుకొని వెళ్లిపోయెను. ఆ వారమునుండి సాయంకాల ప్రార్థనకు వచ్చుట మానెను. నేను చెప్పినట్లే ఆమె తన మనస్సు కుదుటపడుటకై ఇంటిలో కనిపెట్టుకొని కూర్చుండెను. సంవత్సరము గడచెను, రెండు సంవత్సరములు గడచెను. ఆమె మనస్సు కుదుటపడలేదు.

నేను చెప్పిన జవాబు తప్పని ఎట్లు తెలిసికొంటినో మీకు చెప్పుటకే ఈ మాటలు వ్రాయుచున్నాను. నాకు ఆ పాఠము నేర్పినది మన సంఘమువారు కారు. నాచారములో మా గోడకు ఆవల కాపురమున్న ఒక రోమను కతోలిక కుటుంబమువారు నేర్పిరి.

నా కుమారుడు నాచారములో ఒక ఫ్యాక్టరీలో పని చేయుచున్నాడు. నా భార్యకు జబ్బు ముదిరినప్పుడు మేము వరంగల్లు రోడ్డు బస్సులో ఉప్పల్ చేరి, అక్కడనుండి కుమారుని యింటికి వచ్చితిమి. నగరములోని ఒక ఆసుపత్రిలో ఆమె 19 దినములుండెను. 20వ దినమున తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించెను.

ఆ 19 దినములలోను, ఆ తరువాతి దినములలోను నేను ప్రార్థన చేయలేకపోయితిని. 30 ఏండ్లకు పైగా ఇతరులకు ప్రార్థన నేర్పినవాడను. పురిటి మంచము నొద్దను, పాడె యొద్దను, క్రొత్త బావి త్రవ్వినచోటను, అడిగిన తోడనే ప్రార్థన చేసినవాడను. ఇప్పుడు నోరు తెరచిన మాట లేదు. చూడవచ్చినవారు ప్రార్థన చేయుమని కోరినప్పుడు గొంతు బాగుగా లేదని చెప్పితిని. అది అబద్ధము. నా గొంతు బాగుగనే యుండెను.

ప్రతి రాత్రియు సుమారు తొమ్మిదిన్నర గంటలకు గోడ ఆవలనుండి రెండు కంఠములు వినబడుచుండెను. ఒకరు ఒక మాట చెప్పగా, మరియొకరు తరువాతి మాట చెప్పుచుండిరి. పది నిమిషములకు ముగియుచుండెను. జపమాల త్రిప్పుకొనుచున్నారు కాబోలు అనుకొని నేను లెక్క చేయలేదు. మనలో అనేకులకు కతోలికుల ప్రార్థనను గూర్చి తెలిసినది అంతమాత్రమే.

ఒక శుక్రవారము రాత్రి ఆ యింటి పెద్దాయన మా వాకిట నిలిచెను. గుంటూరు వైపునుండి వచ్చి, నాచారములోనే ఉద్యోగము చేసి విరమించినవాడు. "పంతులుగారూ, ఒంటరిగా కూర్చుండవద్దు. మాతో వచ్చి కూర్చోండి. మీరేమియు చెప్పనక్కరలేదు" అనెను. ఆ చివరి మాటను బట్టియే నేను వెళ్లితిని.

ఆయనయు ఆయన భార్యయు పరిశుద్ధ గ్రంథము తెరచి ఒక కీర్తన చదువ మొదలుపెట్టిరి. అది 88వ కీర్తన. సహోదరులారా, ఆ కీర్తనను మన కూటములలో ఎప్పుడైన విన్నారా? నేను 40 ఏండ్లుగా బైబిలు చదువుచున్నాను గాని, ఒక్కమారైనను దానిమీద ప్రసంగింపలేదు. ఇతర విలాప కీర్తనలలో కడపట స్తుతియో, నిరీక్షణయో కనబడును. ఈ కీర్తన మాత్రము చీకటితోనే ముగియును. స్నేహితులు దూరమైరనియు, తాను సమాధికి సమీపించితిననియు, దేవుడే ముఖము చాటు చేసికొనెననియు ఆ భక్తుడు మొరపెట్టుచున్నాడు. నేను లోలోపల దాచుకొన్న మాటలన్నియు, దేవునితో చెప్పుటకు భయపడిన మాటలన్నియు, దేవుని గ్రంథములోనే వ్రాయబడి యుండుట విని నేను గోడకు ఆనుకొని ఏడ్చితిని. భార్య పోయిన తరువాత అదియే నా మొదటి ప్రార్థన. అందులో ఒక్క మాటయైనను నాది కాదు.

ఆయన నా కొరకు ఆ కీర్తనను ఏరి చదివెనని తలంచి కృతజ్ఞత చెప్పితిని. ఆయన తల ఆడించెను. "నేను ఏరలేదు పంతులుగారూ. శుక్రవారము రాత్రి వచ్చునది ఇదే. ప్రతి శుక్రవారము ఇదే" అని, బైబిలులో మడచి పెట్టుకొన్న ఒక కాగితము చూపెను. ఏ రాత్రికి ఏ కీర్తనయో అందులో వ్రాసియుండెను: సోమవారము 86, మంగళవారము 143, బుధవారము 31లో మొదటి భాగమును 130యు, గురువారము 16, శుక్రవారము 88, ఆదివారము 91. ప్రతి రాత్రియు కడపట లూకా సువార్త 2వ అధ్యాయములోని వృద్ధుడైన సుమెయోను పలికిన మాటలు. ఆయన కుమారుడు రామంతాపురములోని సెయింట్ జాన్స్ ప్రాంతీయ గురువిద్యాలయములో చదువుచున్న కాలమున తలిదండ్రులకు ఆ పట్టిక వ్రాసి యిచ్చెనట. ఆ విద్యాలయము 1965లో ఏర్పడినది. ఉప్పల్‌నుండి అంబర్‌పేటకు పోవువారు రామంతాపురము మీదుగనే పోవుదురు. తెలుగు నాట అనేక విచారణలలో సేవ చేయు కతోలిక గురువులు అక్కడ చదువుకొన్నవారే. వారు ప్రతి దినము ఉదయమున, పగటివేళ, సాయంకాలమున, రాత్రి నిద్రకు ముందు, నియమింపబడిన కీర్తనలతో ప్రార్థింతురు. దీక్ష పొందిన గురువులకు ఇది విధి. విశ్వాసులు కోరిన యెడల వారును చేయవచ్చును.

ఈ ఆచారము ఎక్కడిది? కొందరు అనుకొనునట్లు ఇది మధ్యకాలములో పోపులు కల్పించినది కాదు. దానియేలు బబులోనులో యెరూషలేము వైపు కిటికీ తెరచి దినమునకు ముమ్మారు మోకాళ్లూనెను. సింహముల గుహ తనకొరకు సిద్ధముగా ఉన్నదని తెలిసియు వేళ మార్చుకొనలేదు. పేతురు యోహానులు దేవాలయమునకు వెళ్లినది పగలు మూడు గంటల ప్రార్థనకాలమున. పేతురు మేడమీద ప్రార్థించుచు దర్శనము చూచినది మధ్యాహ్నమున. అపొస్తలుల తరువాతి తరముల బోధను తెలుపు డిడాకే అను చిన్న గ్రంథము, విశ్వాసులు దినమునకు ముమ్మారు ప్రభువు ప్రార్థన చేయవలెనని చెప్పుచున్నది. క్రీ. శ. 200 ప్రాంతమున కార్తేజులో తెర్తుల్లియను అను బోధకుడు మూడవ, ఆరవ, తొమ్మిదవ గంటల ప్రార్థనను విశ్వాసులకు సిఫారసు చేసెను. అనగా మన లెక్కలో ఉదయము 9, మధ్యాహ్నము 12, సాయంకాలము 3 గంటలు.

6వ శతాబ్దమున ఇటలీలో బెనెడిక్టు అను సన్యాసి తన మఠమునకు ఒక నియమావళి వ్రాసెను. 119వ కీర్తన 164వ వచనములో భక్తుడు దినమునకు ఏడుమార్లు దేవుని స్తుతించుచున్నానని చెప్పుటను బట్టి పగటికి ఏడు ప్రార్థన వేళలను, 62వ వచనమును బట్టి రాత్రికి ఒక వేళను ఏర్పరచెను. 150 కీర్తనలును వారములో ఒకమారు ముగియవలెనని నియమించెను. కాలము గడచినకొలది ఈ ప్రార్థన జనులు ఎరుగని లాటిను భాషలోనే నిలిచిపోయి, గురువులకును సన్యాసులకును మాత్రమే పరిమితమాయెను. 1962 నుండి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ దీనిని సంస్కరించుటకు తీర్మానించెను. 1970 నవంబరు 1న ఆరవ పౌలు పోపు క్రొత్త క్రమమును ప్రకటించెను. అది మొదలు కీర్తనలు నాలుగు వారములకు పంచబడినవి, జనుల భాషలలో చెప్పుకొనుటయు వాడుకలోనికి వచ్చెను. నాచారములో ఒక వృద్ధుడు తెలుగున కీర్తన చదివి నన్ను ఏడిపించుటకు వెనుక ఇంత చరిత్ర యున్నది.

ఆ తరువాత నేను ప్రతి రాత్రియు వారి యింటికి వెళ్లుచుంటిని. కడపట వారు మరియమ్మను ఉద్దేశించి ఒక పాట పాడుకొందురు. అప్పుడు నేను నోరు మూసికొని కూర్చుండువాడను. ఎందుకని వారెన్నడును అడుగలేదు, నేనును వాదింపలేదు. మధ్యవర్తి ఒక్కడే అను మన విశ్వాసమును నేను గోడకు ఈవల విడిచిపోలేదు. దానిని బట్టి మా స్నేహము తగ్గలేదు.

ఒక రాత్రి నేను ఆయనను గట్టిగా అడిగితిని. "అన్నగారూ, నాకు దుఃఖము కలిగినది గనుక 88వ కీర్తన నాకు సరిపోయినది. మీకు దుఃఖము లేని శుక్రవారములు ఎన్ని లేవు? ఆ రాత్రులలో నేను చీకటిలో ఉన్నానని దేవునితో చెప్పుట అబద్ధము కాదా? లోపల లేనిది పైకి పలుకుట కపటము కాదా?"

ఆయన కొంత సేపు ఊరకుండి ఇట్లనెను: "మీ అమ్మగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక శుక్రవారము మా మనుమరాలికి ఉద్యోగము వచ్చినదని కబురు వచ్చినది. ఇల్లంతయు సంతోషము. ఆ రాత్రియు ఈ కీర్తనయే వచ్చినది. నాకు సరిపోలేదు. అయినను చదివితిని. ఎవరికో సరిపోవునని చదివితిని. గోడ ఆవల మీకు సరిపోయినదని తరువాత తెలిసినది."

ప్రియులారా, నా 30 ఏండ్ల బోధలో లేనిది ఆ మాటలో ఉన్నది. నేను ప్రార్థనను ఎల్లప్పుడును నా హృదయపు సంగతిగానే తలంచితిని. నా హృదయము నిండియున్న ప్రార్థన మంచిది, హృదయము ఎండియున్న ప్రార్థన చెడ్డది అని తూచితిని. ప్రార్థన నా సొత్తు అయినట్లు మాటలాడితిని. అయితే ప్రభువు శిష్యులకు ప్రార్థన నేర్పినప్పుడు "నా తండ్రీ" అని నేర్పలేదు, అందరి తండ్రిగా దేవుని పిలువ నేర్పెను. రొట్టె అడిగినను, క్షమాపణ అడిగినను అందరి కొరకు అడుగ నేర్పెను. నా యింట బియ్యము నిండియున్న దినమున కూడ నేను అనుదినాహారము కొరకు వేడుకొనుచున్నాను. అది అబద్ధమా? కాదు. బియ్యము లేని పొరుగువానితో కూడ నిలిచి అడుగుచున్నాను. సంతోషించువారితో సంతోషించి, ఏడ్చువారితో ఏడువుమని అపొస్తలుడు రోమా సంఘమునకు వ్రాసినప్పుడు, మనకు ఏడుపు వచ్చు వరకు ఆగుమని వ్రాయలేదు.

మరియు మన ప్రభువునే చూడుడి. సిలువమీద ఆయన వేదన మన వేదనలన్నిటిని మించినది. ఆ వేళ ఆయన క్రొత్త మాటలు వెదకలేదు. 22వ కీర్తన మొదటి మాటలతో మొరపెట్టెను. 31వ కీర్తనలోని మాటతో ప్రాణము అప్పగించెను. కీర్తనల మాటలే మరణవేళ ఆయన నోట వచ్చెను. మార్కు సువార్త ప్రకారము ఆయన ఆ కేక వేసినది మూడు గంటల వేళ. అది దేవాలయములో ప్రార్థనకాలము. తరువాత పేతురు యోహానులు దేవాలయమునకు ఎక్కి వెళ్లిన వేళ అదియే. దేవుడు తన్ను విడిచినట్లున్న గడియలో కూడ కుమారుడు ప్రార్థన వేళ తప్పలేదు. ఎరవు మాటలతో ప్రార్థించుట కపటమని ఇక నేను ఎట్లు చెప్పుదును?

ఇచ్చట మనవారు చెప్పు ఆక్షేపణలు కొన్ని కలవు. అవి తేలిక అయినవి కావు.

మొదటిది: అన్యజనులవలె వ్యర్థమైన మాటలు వచింపవద్దని ప్రభువు మత్తయి 6వ అధ్యాయములో చెప్పెను గదా? నిజమే. అయితే విస్తారముగా మాటలాడుటవలన తమ మనవి వినబడునని తలంచువారిని ఆయన గద్దించెను. వెంటనే, అదే అధ్యాయములో, కంఠతా చెప్పుకొనదగిన ప్రార్థన నేర్పెను. పెదవులతో ఘనపరచుచు హృదయము దూరముగా నుంచుకొన్నవారిని యెషయా గద్దించెను. అదియు నిజమే. అయితే వేషధారి యెవడు? తనకు లేని భక్తి ఉన్నట్లు మనుష్యులకు కనుపరచువాడు. తన హృదయము ఎండిపోయినదని దేవుని యెదుట ఒప్పుకొని, అయినను వచ్చి కూర్చుండువాడు వేషధారి కాడు. నా సంగతి చెప్పవలెనన్న, నేను కపటము చేసినది కీర్తన చదివినప్పుడు కాదు, గొంతు బాగుగా లేదని చెప్పినప్పుడు.

రెండవది: దినములను, ఉత్సవకాలములను ఆచరించుచున్నారని పౌలు గలతీయులను గూర్చి భయపడెను గదా? వారు అట్టి ఆచరణవలన నీతిమంతులు కాగోరిరి గనుక అపొస్తలుడు భయపడెను. ఈ అపాయము మార్టిన్ లూథరునకు బాగుగా తెలియును. ఆయన అగస్టీను సన్యాసిగా ఉన్నప్పుడు పాఠములు చెప్పు పని ఎక్కువై, ఆయా వేళల ప్రార్థనలను చెప్పలేక కూడబెట్టుకొని, వారాంతమున గదిలో తలుపు వేసికొని, అన్నపానములు మాని అన్నియు ఒక్కమారే చెప్పి ముగించువాడట. దానివలన జబ్బుపడెను. ప్రార్థన తండ్రితో మాట కాక, షాహుకారుకు కట్టవలసిన వడ్డీ ఆయెను. కడపట ఆ భారమును విడిచెను. అట్లు విడిచినవాడే 1529లో వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో ప్రతి కుటుంబమునకు ఉదయ ప్రార్థనను, రాత్రి ప్రార్థనను, భోజన ప్రార్థనలను నియమించెను. జెనీవా బోధకుడైన కాల్విను కూడ తన మహాగ్రంథములో అయిదు వేళలు చెప్పెను: లేచినప్పుడు, పని మొదలుపెట్టునప్పుడు, భోజనమునకు ముందు, భోజనమైన తరువాత, పండుకొనునప్పుడు. అది దేవునికి అప్పు తీర్చుట కాదనియు, మన బలహీనతకు ఊతకర్ర యనియు ఆయన భావము. ఇంగ్లాండులో 1549 నాటి ప్రార్థన పుస్తకము ఎనిమిది వేళలను ఉదయ సాయంకాల ప్రార్థనలు రెంటిలోనికి కూర్చి, 150 కీర్తనలును నెలకు ఒకమారు చదువబడునట్లు ఏర్పాటు చేసెను. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో ఆ వారసత్వమును ఎరిగిన గ్రామములు ఎన్నియో కలవు. కాబట్టి వేళ పెట్టుకొని ప్రార్థించుట మన పితరులు పారవేసినది కాదు, శుద్ధిచేసి ఉంచుకొన్నది.

మన గ్రామములనే తలంచుకొనుడి. మా చిన్నతనమున వేపచెట్టుకు రైలుపట్టా ముక్క వ్రేలాడుచుండెను. చీకటి పడువేళ పంతులుగారు దానిని కొట్టువారు. పొలమునుండి వచ్చినవారు కాళ్లు కడుగుకొని, పిల్లలను చంకబెట్టుకొని ప్రార్థనకు వచ్చువారు. చదువురాని అవ్వలు 23వ కీర్తనయు, 121వ కీర్తనయు, పరలోక ప్రార్థనయు కంఠతా చెప్పువారు. సగము మంది కునుకుపాట్లు పడువారు. అయినను వచ్చువారు. ఇప్పుడు అనేక గ్రామములలో ఆ గంట మ్రోగుట లేదు. ఆదివారము పెద్ద కూటము, పండుగలలో మైకులు, ఉజ్జీవ కూటములు ఉన్నవి. హృదయము పొంగు దినములకు మనకు కొదువ లేదు. హృదయము పొంగని దినములకు మాత్రము మనయొద్ద ఏమియు లేకపోయెను. నా సహోదరికి నేను ఇయ్యలేకపోయినది అదియే.

నాచారములో నా కుమారునికి మూడు షిఫ్టులు. ఒక వారము ఉదయము ఆరు గంటలకు, ఒక వారము మధ్యాహ్నము రెండు గంటలకు, ఒక వారము రాత్రి పది గంటలకు పోవలెను. నీకు పని చేయ మనసున్నదా అని గేటు దగ్గర ఎవరును అడుగరు. తల్లిని సమాధి చేసిన నాలుగవ దినమున వాడు షిఫ్టుకు పోయెను. జీతపు గంటకు మనస్సు లేకున్నను లేచిపోవు మనము, దేవుని వేళకు మాత్రము మనస్సు రాలేదని పండుకొనుట న్యాయమా అని నాకు తోచెను. ఈ మాట నేను పెద్దాయనతో చెప్పితిని. ఆయన నవ్వి, "అట్లనవద్దు పంతులుగారూ. అక్కడ ఆలస్యమైతే జీతము కోయుదురు. ఇక్కడ ఆలస్యమైనవాని కొరకు తండ్రి వాకిట నిలుచును. రాత్రి డ్యూటీ చేయువానికి ఉదయ ప్రార్థన పది గంటలకైనను ఉదయ ప్రార్థనయే" అనెను. నేను సిగ్గుపడితిని. వేళ మన కొరకు నియమింపబడెను గాని, మనము వేళ కొరకు కాదు.

ఇంటికి తిరిగి వచ్చిన తరువాత 88వ కీర్తనను మరల మెల్లగా చదివితిని. మునుపు చూడనిది ఒకటి కనబడెను. ఆ భక్తునికి వెలుగు లేదు, స్నేహితుడు లేడు, జవాబు లేదు. అయితే మొదటి వచనములో పగలును రాత్రియు మొరపెట్టితిననియు, 9వ వచనములో ప్రతిదినము చేతులు చాపితిననియు, 13వ వచనములో ఉదయమున తన ప్రార్థన దేవుని యెదుటికి వచ్చుననియు చెప్పుచున్నాడు. అతనికి సమస్తము తప్పెను గాని వేళ తప్పలేదు. మరియు తన్ను విడిచెనని తలంచిన ఆ దేవునినే మొదటి మాటలో తన రక్షణకర్త అని పిలుచుచున్నాడు. విశ్వాసమనగా పొంగు హృదయమని నేను బోధించితిని. విశ్వాసము కొన్ని దినములలో వేళకు వచ్చి కూర్చుండుట మాత్రమేనని ఇప్పుడు చెప్పుచున్నాను.

నేను గ్రామమునకు వచ్చిన మూడవ దినమున ఆ సహోదరి యింటికి వెళ్లి, "అమ్మా, నేను నీకు తప్పు చెప్పితిని, క్షమింపుము" అంటిని. ఆమె చాట ప్రక్కకు పెట్టి, నా వైపు చాల సేపు చూచి, "ఇన్నాళ్లకా చెప్పుట, పంతులుగారూ?" అనెను. నాయొద్ద జవాబు లేకపోయెను. ఆ అరుగుమీద కూర్చుండి 88వ కీర్తన చదివితిని. ఆమె చదువురానిది. కడపటి వచనము ముగిసిన తరువాత, "ఇది బైబిలులో ఉన్నదా?" అని అడిగెను. ఉన్నదంటిని. "మరల ఒకమారు చదువుడి" అనెను.

ఇప్పుడు మా ఊరిలో సాయంకాలమున మరల గంట కొట్టుచున్నాము. కొన్ని దినములు పదిమంది, కొన్ని దినములు ముగ్గురు వచ్చుచున్నారు. ఒక కీర్తన, ఒక చిన్న పాఠము, పరలోక ప్రార్థన, అంతియే. పావుగంట పట్టును. ఆ సహోదరి కొన్ని దినములు వచ్చును, కొన్ని దినములు రాదు. వచ్చినప్పుడు వెనుక గోడకు ఆనుకొని, ఏమియు పలుకక కూర్చుండును. పలుకుమని నేను అడుగను. ఆమె పలుకలేని మాటలను మేము ఆమె కొరకు పలుకుచున్నాము. మేము పలుకలేని దినము వచ్చినప్పుడు ఆమె మా కొరకు పలుకును.

కాబట్టి సంఘ పెద్దలారా, మీ గ్రామములో ఆ పాత గంట ఉన్న యెడల దుమ్ము తుడిచి వ్రేలాడదీయుడి. ఏడు వేళలు మనకు సాధ్యము కావు, దేవుడు మననుండి వాటిని కోరుటయు లేదు. లేచినప్పుడు ఒకటి, దీపము పెట్టునప్పుడు ఒకటి చాలును. దినమునకు అయిదు కీర్తనలు చదివిన యెడల నెలకు 150 ముగియును. అంత చదువలేనివారు ఒక్కటే చదువుడి, అయితే మీకు నచ్చినది ఏరుకొనక, వరుసలో వచ్చినది చదువుడి. అది మీకు సరిపోనప్పుడు ఎవరికి సరిపోవునో వారిని దేవుని యెదుట జ్ఞాపకము చేయుడి.

ప్రార్థన: కనికరముగల తండ్రీ, మాకు మాటలు లేనప్పుడు నీ వాక్యములోని మాటలను మాకు దయచేయుము. మా హృదయము ఎండిన దినమున కూడ నీ సన్నిధికి వచ్చు కాళ్లను మాకిమ్ము. గోడ ఆవల దుఃఖించువారిని మేము మరువకుండునట్లు చేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా అడుగుచున్నాము. ఆమేన్.